నది లోయల మట్టిలో రాడాన్ కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాడాన్ ఒక రేడియోధార్మిక వాయువు. మట్టిలో దాన్ని కొలవాలనుకునే డిగ్రీ, పీజీ విద్యార్థులు, ఏటి ఒడ్డున స్థలం కొన్నవాళ్లు, ఎక్కడో ఈ పేరు చదివి టెన్షన్ పడ్డవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులివి. నేను ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. కొన్నేళ్లుగా విద్యార్థులతో కలిసి ఏటి ఒడ్డుల్లో గొట్టాలు దిగగొట్టి మట్టిలోని గాలిని తీసి కొలుస్తున్నాను. ఈ పనిలో తప్పులు ఎక్కువగా ఒకచోటే జరుగుతాయి. మీటరు చూపిన అంకెను రాసుకుంటారు, ఆ అంకె ఎలాంటి మట్టిలోంచి వచ్చిందో రాసుకోరు. అందుకే ఇక్కడ పరికరాల కంటే మట్టి గురించే ఎక్కువ చెప్పాను.

రాడాన్ మట్టిలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

అక్కడే పుడుతుంది. ఏ రాయిలోనైనా, ఏ మట్టిలోనైనా యురేనియం లేశమాత్రంగా ఉంటుంది. అది కోట్ల ఏళ్లుగా క్షీణిస్తూ మధ్యలో రేడియం-226 అవుతుంది. రేడియం పరమాణువు ఒక ఆల్ఫా కణాన్ని విసిరి రాడాన్-222గా మారుతుంది. తుపాకీ పేలినప్పుడు భుజానికి తన్నినట్టు, ఆ విసురుకు రాడాన్ పరమాణువు వెనక్కి తన్నుకుపోతుంది. అయితే గట్టి ఖనిజంలో అది పోగలిగేది కొన్ని పదుల నానోమీటర్ల దూరమే. కాబట్టి రేణువు పైపొరలో పుట్టిన రాడాన్ మాత్రమే బయటపడుతుంది, లోపల పుట్టింది అక్కడే ఉండిపోతుంది. మామూలు మట్టిలో పుట్టిన రాడాన్‌లో సుమారు ఐదో వంతు రేణువుల మధ్య ఖాళీల్లోకి వస్తుందని అనుకోవచ్చు. మట్టిని బట్టి ఈ వాటా చాలా మారుతుంది.

ఇక్కడ తడి పాత్ర పెద్దది. రేణువుల మధ్య పూర్తిగా పొడిగా ఉంటే, బయటికి తన్నుకొచ్చిన పరమాణువు ఖాళీని దాటి పక్క రేణువులోకి దూరిపోవచ్చు. రేణువు మీద సన్నటి నీటి పొర ఉంటే అది ఆ నీటిలోనే ఆగి, తర్వాత గాలిలోకి చేరుతుంది. అందుకే కాస్త చెమ్మ ఉన్న మట్టి ఎండిన మట్టి కంటే ఎక్కువ రాడాన్ విడుస్తుంది. రాడాన్ అర్ధాయువు (సగం అంతరించడానికి పట్టే కాలం) 3.82 రోజులు. అంటే పుట్టిన కొద్ది రోజుల్లో పైకి రాలేకపోతే దారిలోనే అంతరిస్తుంది.

నది లోయ మట్టిని ప్రత్యేకంగా ఎందుకు చూడాలి?

గట్టు మీద చేలో పది అడుగులు వేస్తే మట్టి పెద్దగా మారదు. నది పక్కన మారుతుంది. నది ఒక ఏడాది గులకరాళ్లు తెచ్చి పోస్తుంది, ఇంకో ఏడాది ఇసుక, వరద తీసేటప్పుడు సన్నటి ఒండ్రు. పాత పాయ పూడిపోయి పైన బంకమట్టి పరుచుకుంటుంది. పైకి అంతా ఒకేలా కనిపించే లంక భూమిలో గునపం దింపితే ఒకచోట అర మీటరుకే ఇసుక తగులుతుంది, ఇంకోచోట రెండు మీటర్లు దిగినా జిగట మట్టే.

రాడాన్‌కు ఈ తేడాలన్నీ ముఖ్యమే. సన్నటి మట్టిలో రేణువుల ఉపరితలం ఎక్కువ, పైగా రేడియం రేణువుల మీది ఇనుప తుప్పు లాంటి పూతలకు అంటుకుని ఉంటుంది కాబట్టి రాడాన్ తేలిగ్గా బయటపడుతుంది. కానీ ఆ మట్టిలో గాలి కదలదు. గులకరాళ్లలో రేడియం తక్కువే ఉన్నా గాలి ధారాళంగా పారుతుంది, చాలా దూరం నుంచి రాడాన్‌ను మోసుకొస్తుంది. ఈ రెండో సంగతిని చాలామంది పట్టించుకోరు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నది లోయ దీనికి మంచి ఉదాహరణ. మంచుయుగం చివర్లో మిసూలా సరస్సు గట్టు తెగి వచ్చిన మహా వరదలు అక్కడ మందపాటి గులకరాళ్ల మేట వేశాయి. ఆ రాళ్లలో యురేనియం ఏమంత ఎక్కువ లేదు. అయినా వాటి మీద కట్టిన ఇళ్లలో రాడాన్ ఎక్కువగా కనిపించింది. నేల గాలిని వదిలే తీరే అందుకు కారణం.

నార్వేలో కిన్సార్విక్ దగ్గర హిమానీనదం అంచున పేరుకున్న కంకర మేట మీద ఇళ్లున్నాయి. చలికాలంలో మేటలోని గాలి బయటి గాలి కంటే వెచ్చగా, తేలిగ్గా ఉండి పైకి పారుతుంది. అప్పుడు వాలు పైభాగం ఇళ్లలో రాడాన్ పెరుగుతుంది. ఎండాకాలంలో అదే గాలి కిందికి జారి దిగువ ఇళ్లలోకి వస్తుంది. లోయల వాలు మీద కొలిచేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే చాలు, ఏ నెలలో కొలిచారో రాయడం ఎప్పటికీ మరిచిపోరు.

మన దేశంలో ఇలాంటి కొలతలు ఎక్కడ జరిగాయి?

హిమాలయ లోయల్లో చాలా జరిగాయి. గఢ్వాల్‌లో భాగీరథి, భిలంగనా లోయలు, టెహ్రీ గఢ్వాల్ జిల్లాలోని బుఢాకేదార్ చుట్టుపక్కల మట్టి, ఊట నీళ్లు రాడాన్ అధ్యయనాల్లో తరచుగా కనిపిస్తాయి. అక్కడి రాళ్లలో యురేనియం ఉండటం ఒక కారణం. కొండల కింద పెద్ద భ్రంశాలు, పగుళ్లు ఉండటం ఇంకో కారణం. హిమాచల్‌లో కాంగ్రా, పాలంపూర్ ప్రాంతాల్లో భూకంపాల కోసం మట్టి రాడాన్‌ను ఏళ్ల తరబడి గమనించారు.

మన దగ్గర? యురేనియం వెతికే అణు ఖనిజాల సంస్థ ఏఎండీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది, అక్కడ ఖనిజం డోలమైట్ రాతిలో ఉంది. నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టులో గ్రానైట్ మీద శ్రీశైలం క్వార్ట్‌జైట్ ఆనుకున్న చోట యురేనియం ఉన్నట్టు తేలింది. యురేనియం గుర్తించడానికి వాడే పద్ధతుల్లో మట్టి రాడాన్ కొలవడం ఒకటి. భూమిలోపలి ఖనిజాన్ని గామా కిరణాలతో పట్టడం కష్టం, పైన అర మీటరు మట్టి కప్పు ఉన్నా సంకేతం దాదాపు ఆగిపోతుంది. వాయువు కాబట్టి రాడాన్ ఇంకాస్త లోతు నుంచి కబురు తెస్తుంది.

మట్టిలో వేల బెకరెల్లు వచ్చాయి. భయపడాలా?

అందరికంటే ఎక్కువగా నన్ను అడిగే ప్రశ్న ఇది. బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు క్షీణించడం. ముందుగా చెప్పాల్సింది, మట్టిగాలిని మనం పీల్చం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లకు సూచించిన స్థాయి ఘనపు మీటరుకు 100 బెకరెల్లు. అది సాధ్యం కాని దేశాల్లో కూడా 300 దాటకూడదని చెప్పింది. ఈ అంకెలు ఇంట్లో గాలికి. మట్టి ఖాళీల్లోని గాలిలో ఘనపు మీటరుకు పది వేలు, యాభై వేల బెకరెల్లు ఉండటం చాలా మామూలు. ఆరుబయట గాలిలో కలిసేసరికి అది సుమారు పది బెకరెల్లకు పడిపోతుంది.

అలాగని తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్యమైన కారణాల్లో రాడాన్ ఒకటి. పొగతాగేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. నేల మీదే గచ్చు వేసి, కిటికీలు మూసి, ఏసీ పెట్టుకుని ఉండే గదిలోకి నేల పగుళ్ల గుండా ఆ గాలి చేరుతుంటే పట్టించుకోవాలి. మట్టి అంకె చూసి ఇంటి గురించి తీర్పు చెప్పకండి. అనుమానం ఉంటే ఇంట్లో విడిగా కొలవండి, కనీసం మూడు నెలలు.

నా మట్టిలో ఎంత రావచ్చో ముందే లెక్క వేసుకోవచ్చా?

వేసుకోవాలి. ముందు లెక్క ఉంటేనే మీటరు తప్పు చూపినప్పుడు పట్టుకోగలం. లోతుగా, గాలి కదలని మట్టిలో రాడాన్ స్థాయికి చిన్న సూత్రం ఉంది: కిలో మట్టిలో రేడియం, బయటపడే వాటా, ఎండు మట్టి సాంద్రత, ఈ మూడింటిని గుణించి, మట్టిలో ఖాళీ ఎంత భాగమో దానితో భాగించాలి.

ప్రపంచ సగటు మట్టిని తీసుకుందాం. రేడియం కిలోకు 35 బెకరెల్లు, బయటపడే వాటా 0.2, సాంద్రత ఘనపు మీటరుకు 1600 కిలోలు, ఖాళీ 0.4. గుణిస్తే 11,200. దాన్ని 0.4తో భాగిస్తే 28,000. అంటే ఏ యురేనియం గనీ లేని మామూలు చేలో కూడా ఘనపు మీటరుకు 28 కిలో బెకరెల్లు. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఇప్పుడు ఖాళీల్లో సగం నీళ్లు నిండాయనుకోండి. 20 డిగ్రీల దగ్గర నీటిలో రాడాన్ గాలిలో ఉండేదానిలో సుమారు నాలుగో వంతే ఉంటుంది, కాబట్టి మిగిలినదంతా మిగిలిన గాలిలో ఇరుక్కుంటుంది. అదే మట్టి, అదే రేడియం, కానీ గాలిలో రాడాన్ సుమారు 45 కిలో బెకరెల్లు అవుతుంది. ఏటి ఒడ్డు మట్టిలో వారం తేడాతో అంకెలు ఇంత మారితే పరికరాన్ని అనుమానించే ముందు మట్టి తడిని చూడాలి.

ఎంత లోతులో కొలవాలి?

చెక్ దేశంలో ఇంటి స్థలాలకు పాటించే 80 సెంటీమీటర్ల లోతు మంచి కొలబద్ద. పైపొరలో రాడాన్ గాలిలోకి పోతూ ఉంటుంది, వాన, ఎండ, గాలి అన్నీ దాన్ని కదిలిస్తాయి. పొడి మట్టిలో రాడాన్ వ్యాపన దూరం (అంతరించేలోపు అది సగటున పోగలిగే దూరం) సుమారు ఒక మీటరు అనుకుంటే, పై లెక్కలోని 28 కిలో బెకరెల్లలో 30 సెంటీమీటర్ల దగ్గర కనిపించేది 7 మాత్రమే. 80 దగ్గర 15 కనిపిస్తుంది. మా మొదటి ఏడాది కొలతలన్నీ అడుగు లోతులో తీసినవే. ఒకదానితో ఒకటి పొంతన లేకపోతే మీటరు చెడిందనుకుని రెండు నెలలు పోగొట్టుకున్నాం.

లోతు మార్చి కొలవాల్సి వస్తే ప్రతి అంకె పక్కన లోతు రాయండి. వేర్వేరు లోతుల అంకెలను కలిపి సగటు తీయొద్దు.

ప్రోబుతో (నేలలో దింపే గొట్టంతో) మట్టిగాలి ఎలా తీయాలి?

కావాల్సినవి: మీటరు పొడవున్న సన్నటి స్టీలు గొట్టం, దాని కొనకు వదులుగా అమర్చే మొనదేలిన ముక్క, సుత్తి, గొట్టంలో పట్టే పొడవాటి కడ్డీ, పెద్ద సిరంజి, బిగుతైన రబ్బరు ట్యూబు. మొన కొనకు ఉండగా గొట్టాన్ని 80 సెంటీమీటర్ల వరకు దిగగొడతాం. తర్వాత కడ్డీ పెట్టి కొన్ని సెంటీమీటర్లు కొడితే మొన ఊడి కింద ఉండిపోతుంది, అక్కడ చిన్న ఖాళీ ఏర్పడుతుంది. గాలి ఆ ఖాళీలోంచే రావాలి.

గొట్టం దింపేటప్పుడు అటూ ఇటూ ఊపకూడదు. ఊపితే గొట్టం చుట్టూ సందు పడి పైగాలి కిందికి జారుతుంది. గొట్టం చుట్టూ మట్టిని కాలితో గట్టిగా తొక్కండి. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లయితే మీటరు గొట్టంలో ఉండే గాలి సుమారు 28 మిల్లీలీటర్లు. దానికి రెండింతలు గాలి తీసి పారేశాక అసలు నమూనా తీయండి. మెల్లగా లాగండి. సిరంజి పిస్టన్ వదిలితే వెనక్కి పోతోందంటే మట్టి గాలిని ఇవ్వడం లేదని అర్థం. అక్కడ బలవంతంగా లాగితే వచ్చేది జాయింట్ల సందుల్లోంచి దూరిన పైగాలే. ఎంత గట్టిగా లాగాల్సి వచ్చిందో, ఎన్ని సెకన్లు పట్టిందో కూడా పుస్తకంలో రాయండి. మట్టిలో గాలి పారే గుణానికి అదే తొలి కొలత. ఆ గుణం కొలవడానికి విడిగా పరికరాలున్నాయి, దొరికితే వాడండి.

ఎలాంటి డిటెక్టర్ వాడాలి?

అప్పటికప్పుడు అంకె కావాలంటే సింటిలేషన్ సెల్, లేదా సిలికాన్ డిటెక్టర్ ఉన్న పరికరం. సింటిలేషన్ సెల్‌ను చాలామంది లూకాస్ సెల్ అంటారు. లోపలి గోడలకు జింక్ సల్ఫైడ్ పూసిన డబ్బా అది. ఆల్ఫా కణం తగిలినప్పుడు మిణుకుమంటుంది, ఆ మిణుకులను లెక్కిస్తారు. గాలి నింపాక రాడాన్, అది క్షీణించగా పుట్టే సంతాన మూలకాలు సమతుల్యానికి రావడానికి సుమారు 3 గంటలు ఆగాలి. నమూనాను ల్యాబుకు తెచ్చి కొలిస్తే ఆలస్యానికి దిద్దుబాటు వేయాలి, 24 గంటల్లో రాడాన్ సుమారు 17 శాతం తరిగిపోతుంది. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) తయారుచేయించిన స్మార్ట్ ఆర్‌ఎన్ డ్యూయో ఇదే సూత్రం మీద పనిచేసే చిన్న పరికరం, మన విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఉంది. ర్యాడ్7 అనే ఇంకో పరికరంలో సిలికాన్ డిటెక్టర్ ఉంటుంది. దానిలోకి వెళ్లే గాలి పొడిగా ఉండాలి. నది పక్కన మట్టిగాలి తడిసి ముద్దగా ఉంటుంది కాబట్టి తేమ పీల్చే గుళికల గొట్టం తప్పక కలపండి, రంగు మారగానే గుళికలు మార్చండి.

డబ్బు తక్కువైతే, నెల సగటు కావాలంటే ఎల్ఆర్-115 ఫిల్మ్. ఇది సెల్యులోజ్ నైట్రేట్ పొర, ఆల్ఫా కణాలు దాని మీద కంటికి కనిపించని గాయాలు చేస్తాయి. కప్పు లోపల ఫిల్మ్ అతికించి, మూతి కిందికి ఉండేలా గోతిలో బోర్లించి పూడ్చి, కొన్ని వారాల తర్వాత తీస్తాం. 60 డిగ్రీల వేడి దగ్గర 2.5 నార్మల్ కాస్టిక్ సోడా ద్రావణంలో సుమారు గంటన్నర ఉంచితే గాయాలు రంధ్రాలై మైక్రోస్కోపు కింద లెక్కపెట్టేలా కనిపిస్తాయి. కరెంటు అక్కర్లేదు, దొంగల బెడద లేదు. ఊరి విద్యార్థులకు నేను ముందు ఇదే నేర్పుతాను.

థోరాన్ అంటే ఏమిటి? అది కొలతను పాడుచేస్తుందా?

థోరియం నుంచి పుట్టే రాడాన్-220ను థోరాన్ అంటారు. అర్ధాయువు 55.6 సెకన్లు. భీమునిపట్నం లాంటి చోట్ల తీరపు ఇసుకలో మోనజైట్ ఉంటుంది, దానిలో థోరియం ఉంటుంది. గ్రానైట్ కొండల నుంచి వచ్చిన ఏటి ఇసుకలో కూడా థోరియం చెప్పుకోదగ్గంత ఉండొచ్చు. మందు సులువే. నమూనాను 5 నిమిషాలు పక్కన పెట్టండి, థోరాన్ నలభయ్యో వంతుకు పడిపోతుంది. ఫిల్మ్ కప్పులకైతే మూతికి పొర బిగించండి. పొర దాటి లోపలికి వెళ్లేలోపే థోరాన్ అంతరిస్తుంది.

సిరంజిలోకి నీళ్లు వచ్చాయి. ఏం చేయాలి?

వెంటనే ఆపండి, నీరు డిటెక్టర్ దాకా పోనివ్వకండి. భూగర్భ జలమట్టం మీ గొట్టం కొనను తాకిందన్నమాట. నీటితో నిండిన మట్టిలో రాడాన్ కొన్ని సెంటీమీటర్లకు మించి వ్యాపించదు, అక్కడ మట్టిగాలి అనేదే లేదు. ఏటి నుంచి ఇంకాస్త మెరకకు జరగండి, లేదా వేసవిలో రండి. ఆ చోటును సున్నా అని రాయొద్దు, నీళ్లు తగిలాయని రాయండి. ఎంత లోతులో తగిలాయో కూడా రాయండి.

ఒక స్థలంలో ఎన్ని చోట్ల కొలవాలి?

చెక్ పద్ధతిలో ఒక ఇంటి స్థలానికి కనీసం 15 చోట్ల తీస్తారు. తీర్పుకు సగటు తీసుకోరు, విలువలను వరసలో పేర్చి పైనుంచి నాలుగో వంతు దగ్గర ఉన్న విలువను తీసుకుంటారు. దానితో పాటు మట్టిలో గాలి పారే గుణాన్నీ చూస్తారు. గాలి ధారాళంగా పారే నేలలో 30 కిలో బెకరెల్లు చేరితే చాలు, అది ఎక్కువ ప్రమాదం ఉన్న స్థలం. గాలి పారని బంకనేలలో 100 దాకా వచ్చినా మధ్యస్థమే. నది లోయకు ఇంత చక్కగా సరిపోయే ఆలోచన ఇంకొకటి నాకు కనిపించలేదు. ఒకే అంకె ఇసుక మీద ఒక అర్థం, రేగడి మీద ఇంకో అర్థం ఇస్తుందని ఒప్పుకున్న పద్ధతి అది.

చోట్లు ఎంచుకునేటప్పుడు ఏటికి అడ్డంగా ఒక గీత గీసుకుని, ఒడ్డు నుంచి మెరక దాకా ఆ గీత మీద కొలవండి. ఏటి వెంట మాత్రమే కొలిస్తే అన్నీ ఒకే రకం మట్టిలో పడతాయి.

ఏ కాలంలో కొలిస్తే మంచిది?

ఒకే స్థలాన్ని రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి. గట్టి వాన పడ్డ మర్నాడు పైమట్టి తడిసి మూతలా పనిచేస్తుంది, కింద రాడాన్ పేరుకుంటుంది. నల్లరేగడిలో దీనికి తోడు ఇంకొకటి ఉంది. ఎండలకు అది కాలు దూరేంత బీటలు వారుతుంది, ఆ బీటల్లో పైగాలి మీటరు లోతు దాకా తిరుగుతుంది. వానకు బీటలు మూసుకుంటాయి. కృష్ణా లోయ రేగడిలో ఏప్రిల్ అంకెను అక్టోబరు అంకెతో పోల్చేవాళ్లు ముందు ఈ సంగతి ఆలోచించాలి. బీటకు కనీసం మీటరు దూరంలో గొట్టం దింపండి.

రాడాన్‌తో భూకంపాన్ని ముందే చెప్పొచ్చా?

చెప్పలేం. ఆశ పుట్టించిన సంఘటనలు ఉన్నాయి. 1966 తాష్కెంట్ భూకంపానికి ముందు లోతైన బావి నీటిలో రాడాన్ పెరిగింది. 1995 కోబె భూకంపానికి ముందు భూగర్భ జలంలో మార్పు నమోదైంది. 1991 ఉత్తరకాశీ భూకంపం చుట్టూ మన హిమాలయాల్లోనూ తేడాలు కనిపించాయని పరిశోధకులు రాశారు. కానీ భూకంపం లేకుండా కూడా రాడాన్ పెరుగుతుంది, వానకు పెరుగుతుంది, వాయుపీడనం పడిపోతే మారుతుంది. 2009లో ఇటలీలో లాక్విలా భూకంపానికి ముందు రాడాన్ చూసి హెచ్చరిక చేసిన వ్యక్తి ఉన్నారు, కానీ ఎక్కడ, ఎప్పుడు, ఎంత తీవ్రతతో అన్నది నమ్మకంగా చెప్పే పద్ధతి ఆ తర్వాతా రాలేదు. మీటరు పెరిగిందని ఊళ్లో చెప్పి జనాన్ని ఇళ్లలోంచి బయటికి పరుగెత్తించొద్దు.

నది నీళ్లలో రాడాన్ కొలిస్తే ఉపయోగం ఉందా?

ఉంది. భూగర్భ జలంలో రాడాన్ నది నీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నదిలోకి రాగానే అది గాలిలోకి పోతుంది. కాబట్టి నది వెంట నడుస్తూ కొలిచినప్పుడు ఒకచోట రాడాన్ హఠాత్తుగా పెరిగితే, అడుగున అక్కడ ఊట కలుస్తోందన్నమాట. వేసవిలో ఏరు ఎక్కడ బతికి ఉందో ఇలా పట్టుకోవచ్చు. చెలమ తవ్వితే ఎక్కడ నీళ్లు ఊరతాయో తెలిసిన ముసలివాళ్లు ఆ ఊళ్లో ఉంటారు. వాళ్లు చూపించిన చోట కూడా ఒక నమూనా తీయండి.

రైతుల చేలో కొలవాలంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

అడగకుండా గట్టు దిగొద్దు. ఎందుకు కొలుస్తున్నారో తెలుగులో చెప్పండి, యురేనియం అన్న మాట వినగానే భూమి పోతుందేమోనన్న భయం వాళ్లకు ఉంటుంది. నల్లమలలో, సాగర్ చుట్టూ జరిగిన గొడవలు తెలిసినవాళ్లు ఆ భయాన్ని తప్పుపట్టరు. మీది కాలేజీ ప్రాజెక్టు అయితే ఆ మాటే చెప్పండి, ఫలితం వచ్చాక వాళ్లకు కూడా చూపించండి.

అడిగితే వాళ్లు ఇంకొకటి కూడా ఇస్తారు. "అక్కడ కొట్టకండి సార్, మా తాతల కాలంలో ఏరు అటు పారేదంట, అడుగున అంతా ఇసకే" అని ఒక రైతు చెప్పిన చోట ఇసుక పాయ సరిగ్గా ఆయన చూపిన దగ్గరే తగిలింది. మేము అక్కడే ఆరు గొట్టాలు దింపాం.

పని అయ్యాక గొట్టం తీసి, రంధ్రాన్ని అదే మట్టితో నింపి తొక్కండి. ఊడిన మొన 80 సెంటీమీటర్ల లోతులో భూమిలోనే ఉండిపోతుంది. నాగలి అంత లోతుకు పోదు. అయినా ఎన్ని మొనలు, ఎక్కడెక్కడ వదిలామో కాగితం మీద గీసి ఆ రైతుకు ఇచ్చి రండి. రేపు ఆయన అక్కడ బోరు వేయించవచ్చు, గొయ్యి తవ్వించవచ్చు.